పైపూత

ఆషాఢం వచ్చిందంటే మా వీధికి గోరింటాకు నూరేది మా మేనత్తే. చోడవరంలో మా పెరట్లో, నూతి పక్కన, ఇంచుమించు నా వయసున్న గోరింట చెట్టు ఉంది. ఆకు దూసేది అత్త. పుల్లలూ పండుటాకులూ ఏరి పారేసేది అత్త. చింతపండు పిసరు వేసి రుబ్బురోట్లో మెత్తగా నూరేదీ అత్తే. మిక్సీలో వేస్తే పండదని ఆమె నమ్మకం. నూరేటప్పుడు కుడిచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. చాలా ఏళ్ళు నేను దాన్ని శుభ్రత అనుకున్నాను. చేతికి రంగు అంటకూడదని ఆ ఏర్పాటు. మావయ్య 2007లో పోయాడు. అప్పటి నుంచీ వీధిలో అందరి చేతులూ పండించే ఆకు అత్త చేతికి తగలకుండా అత్త చేతి మీదుగానే వెళుతోంది.

2025 ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, అత్త పెరట్లో నూరుతుండగా, నేను వంటింటి గట్టు మీద ఐదు నెయిల్ పాలిష్ సీసాలు వరసగా పెట్టాను. నాలుగు మా బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో ఒక్కోటి ఇరవై రూపాయలకు కొన్నవి. ఐదోది విశాఖపట్నంలో కొన్న లాక్మే. ఒక్కో వేలికి ఒక్కోటి పూసి, ఏది ఎంతసేపట్లో ఆరుతుంది, ఎన్ని పూతలు పడతాయి, అంట్లు తోమితే ఏది ముందు పెచ్చులూడుతుంది అని చూడాలనుకున్నాను. ఇది ఆ ఐదు సీసాల సమీక్ష. సాహిత్య విమర్శ కోసం ఈ పేజీ తెరిచినవారు కోప్పడకండి. అదీ వస్తుంది.

తెలుగు స్త్రీల కథల్లో శరీరం గురించి నేను పిహెచ్.డి. చేశాను. ఓల్గా ‘రాజకీయ కథలు’ 1993లో వచ్చాయి. ‘సీత జడ’, ‘కళ్ళు’, ‘ముక్కుపుడక’, ‘నోర్ముయ్’ – ఆ శీర్షికలు చూస్తేనే తెలుస్తుంది, స్త్రీ శరీరంలో ఒక్కొక్క అవయవమూ రాజకీయం ఎలా అవుతుందో చెప్పిన కథలవి. నా సిద్ధాంత గ్రంథంలో జడకొక అధ్యాయం ఉంది, కళ్ళకొకటి, గర్భానికి రెండు. గోటికి లేదు. లేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. మార్గదర్శకులకూ తట్టలేదు, పరీక్షకులకూ తట్టలేదు. డిగ్రీ వచ్చిన చాలా ఏళ్ళకు, ఒక సదస్సులో, భోజనాల దగ్గర ఒక పెద్దావిడ (పేరు అనవసరం, నేను గౌరవించే రచయిత్రి) నా చేతివైపు చూసి “స్త్రీవాదం మీద పరిశోధన చేసి గోళ్ళరంగు కూడానా అమ్మా?” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి హాస్టల్ గదిలో రిమూవర్ లేక బ్లేడుతో గీకి తీశాను. ఆ గీతలు గోటి మీద చాలా రోజులున్నాయి. ఆవిడ మాట తప్పని ఇప్పటికీ నేను పూర్తిగా అనలేను. కానీ బ్లేడు తీసుకున్న చేయి ఎవరిది? ఇల్లు చేరాక సాహిత్యంలో గోరెక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే మొదట దొరికేది శూర్పణఖ. మన పురాణాల్లో గోళ్ళతో పేరు పడ్డ ఆడది ఆమె. చేటల్లాంటి గోళ్ళున్నది. ఏ తల్లీ బిడ్డకు ఆ పేరు పెట్టదు. కథ చెప్పేవాడు పెట్టాడు. చెప్పేవాడు మారితే గోళ్ళూ మారాయి చూడండి: విమలసూరి ప్రాకృతంలో రాసిన జైన రామాయణం ‘పఉమచరియ’లో ఆమె చంద్రనఖ. అదే ఆడదాని అవే గోళ్ళు ఒకచోట చేటలు, ఒకచోట చందమామలు. ఓల్గా ‘విముక్త’ (2010) లోని ‘సమాగమం’ కథలో శూర్పణఖ తోట పెంచుకుంటుంది. ఆ కథ మీద నేనే మూడు వ్యాసాలు రాశాను. కోసిన ముక్కు గురించి రాశాను, అందం గురించి రాశాను. తోట పెంచే మనిషి గోళ్ళలో మట్టి ఉంటుందని ఒక్కసారీ అనుకోలేదు. రామాయణంలో ముక్కూ చెవులూ కోశారు గానీ, ఏ గోళ్ళతో పేరు పెట్టారో వాటి జోలికి పోలేదు. కోసినా మళ్ళీ పెరుగుతాయని కాబోలు.

తర్వాత దొరికేది నఖక్షతం. ప్రబంధాలు చదువుకున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. స్త్రీ వక్షం మీద నెలవంకలు ఉదయిస్తూనే ఉంటాయి. గోరు ఇక్కడ పురుషుడి కలం, స్త్రీ శరీరం తాటాకు. కామసూత్రంలో దీనికొక అధ్యాయమే ఉంది. అందులో నన్ను ఆపేసిన మాట వేరే. వాత్స్యాయనుడు ప్రాంతాల వారీగా గోళ్ళను లెక్కపెడతాడు. గౌడులవి పొడుగు గోళ్ళు, చేతికి అందం, చూసిన ఆడవాళ్ళ మనసు దోచేవి. మహారాష్ట్రులవి మధ్యస్థం. దాక్షిణాత్యులవి పొట్టి గోళ్ళు, పనికి తట్టుకునేవి. ‘కర్మసహిష్ణు’ అంటాడు. ఆయన దృష్టిలో ఉన్నది శృంగార కర్మే. అయినా ఆ మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది చెరకు తోటల్లో ఆకు దూసే మా అత్త చేతులు. చెరకు ఆకు అంచు బ్లేడులా కోస్తుంది. గోటి మొదట్లో చర్మం లేచి, చీము పట్టి, గోరుచుట్టు వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెత పుట్టింది రోలూ రోకలీ దగ్గర నిలబడ్డ మనిషి నోటినుంచే అయివుంటుంది. ప్రబంధ కవికి గోరుచుట్టు ఎలా తెలుస్తుంది?

ఒక్క ముద్దుపళని దగ్గర గోరు దిశ మారుతుంది. ‘రాధికా సాంత్వనము’లో రాధ, ఇళను కృష్ణుడి దగ్గరకు పంపుతూ కృష్ణుడికి జాగ్రత్తలు చెబుతుంది. వాటిలో ఒకటి, ఆ పిల్లను గోళ్ళతో గీరవద్దని. అన్ని శతాబ్దాలుగా అలంకారంగా చెలామణీ అయిన దాన్ని ‘నొప్పి’ అని ఒక స్త్రీ పేరుపెట్టింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించడం, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించడం, 1947 దాకా ఆ నిషేధం ఉండటం అందరికీ తెలిసిన చరిత్రే. ఆ కావ్యంలోని శృంగారం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. గోళ్ళు వెనక్కి తీసుకో అన్న ఆ చిన్న మాట గురించి ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది.

ఆధునిక సాహిత్యానికి వస్తే, నేను చదివినంతలో, గోరు దాదాపు మాయమవుతుంది. గోళ్ళరంగు కనిపిస్తే అది ఎక్కువగా ఒక గుర్తు. కథలో ఎవరికైనా ఎర్రటి గోళ్ళున్నాయంటే ఆమె పట్నం మనిషి, డబ్బున్న మనిషి, లేదా పిల్లల్ని ఆయాకు వదిలేసిన మనిషి అని పాఠకులు అర్థం చేసుకోవాలి. పురుష రచయితలు అలా రాశారంటే సరే. మన కథల్లోనూ ఆ ఛాయలు లేకపోలేదు. ‘పైపూత’ అనేది మన విమర్శ పరిభాషలో తిట్టు. పైపూత అభ్యుదయం, పైపూత స్త్రీవాదం. నేనే ఎన్నిసార్లు వాడానో.

ఇక సీసాల దగ్గరకు వస్తాను.

ఇరవై రూపాయల సీసాల మీద రంగుకు పేరు లేదు, నంబరుంది. 12, 31, 47, ఇంకొకటి చెరిగిపోయింది. ఖరీదైన రంగులకు ఇంగ్లీషు పేర్లుంటాయి. ఆ పేర్లు రాయడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. 1952లో అమెరికాలో రెవ్లాన్ ‘ఫైర్ అండ్ ఐస్’ అనే రంగును అమ్మింది. ప్రకటనలో ఒకవైపు మోడల్ బొమ్మ, రెండోవైపు నీ మనసెలాంటిదో తేల్చుకొమ్మని ఒక ప్రశ్నావళి. రంగు కొనడం అంటే తనను తాను చదువుకోవడం అన్నమాట. సరిగ్గా అదే ఏడు మన దగ్గర టాటాలు లాక్మే మొదలుపెట్టారు. ఆ పేరు డెలిబ్ రాసిన ఫ్రెంచి ఒపేరాలో నాయికది. 1883లో పారిస్‌లో మొదట ప్రదర్శించారు. బ్రాహ్మణ పూజారి కూతురు ఆంగ్లేయ సైనికాధికారిని ప్రేమించి, ఉమ్మెత్త తిని చచ్చిపోతుంది. లక్ష్మి అన్న మాట ఫ్రెంచి నోట్లో నలిగి లాక్మే అయి, సీసాగా మనింటికి తిరిగొచ్చింది. నంబరు రంగుకు ఇంత కథ లేదు. ఎవరూ దాన్ని నీ మనసు అని చెప్పరు. చట్టం ప్రకారం సీసా మీద తయారుచేసినవారి పేరూ చిరునామా ఉండాలి, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. నా నాలుగింటిలో రెండింటి మీద ఏమీ లేవు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి కాదు. ఆ సీసాల్లో ఏముందో నాకు తెలియదు, పూసుకున్నవాళ్ళెవరికీ తెలియదు. టోలీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ – గోళ్ళరంగు విషత్రయం అంటారు వీటిని. మూడోదాన్ని సౌందర్య సాధనాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ ఇరవై ఏళ్ళ కిందటే నిషేధించింది. పేదదాని రంగుకు పేరు లేకపోవడం ఒక స్వేచ్ఛ అనుకుంటే, పదార్థాల జాబితా లేకపోవడం ఆ స్వేచ్ఛకు కట్టే పన్ను.

నా పరీక్ష ఫలితాలు: 12 (గులాబి) మూడు పూతలు వేసినా గోరు కనబడుతూనే ఉంది. 31 మెరుపులది. ఆరాక ఇసుక కాగితంలా ఉండి చీర పోగులు లాగింది. చెరిగిపోయిన నంబరుది రంగులేనిది. అది మిగతావాటి మీద పూస్తే ఒక పూట ఎక్కువ నిలిచింది. 47 ముదురు ఎరుపు, మందారం కన్నా కొంచెం నల్లన. రెండు పూతలకు బాగా పట్టింది, పావుగంటలో ఆరింది, అయితే ఆ పావుగంటా ఇల్లంతా ఘాటు వాసన. లాక్మే అన్నిటికన్నా నున్నగా వచ్చింది. అంట్ల దగ్గర మాత్రం రెండో రోజుకే చూపుడువేలి చివర లేచింది. 47 మూడో రోజు దాకా ఉంది. ఖరీదుకూ ఓర్పుకూ పెద్ద సంబంధం ఉన్నట్టు లేదు. నా చేతి పని తక్కువని కూడా రాయాలి. మా అమ్మ చేతికి పూస్తే ఏదీ ఒక్క పూట నిలవలేదు.

అత్త రుబ్బడం అయ్యాక, కవరు తీసి చేయి కడుక్కుని, వంటింట్లోకి వచ్చింది.

“ఏటే ఇది, మందు కంపు?” అంది.

“గోళ్ళరంగు అత్తా.”

“క్యూటెక్సా?” అంది. ఆమె వయసువాళ్ళకు గోళ్ళరంగు ఏదైనా క్యూటెక్సే. 1911లో గోటి మొదట్లో చర్మం తీసే ద్రవంతో మొదలైన అమెరికన్ కంపెనీ పేరు చోడవరంలో సాధారణ నామవాచకం అయిపోయింది. అత్త ఐదు సీసాలూ చూసింది. 47 చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పింది. తర్వాత నన్నొక ప్రశ్న అడిగింది. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఎంతకు కొన్నావనో, ఏది బాగుందనో ఉంటుంది. అత్త అడిగింది, “ఇది సెరిగిపోద్దా?” అని.

పోతుందన్నాను. రిమూవర్‌లో ముంచిన దూదితో నా బొటనవేలి రంగు తుడిచి చూపించాను. గోరు తెల్లగా బయటికొచ్చింది. అత్త నా బొటనవేలు పట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పింది, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లోనే జరిగిన, నేను చూడని సంగతి.

2007లో అట్లతద్ది ముందురోజు రాత్రి అత్త అందరితోపాటు గోరింటాకు పెట్టుకుంది. బాగా పండింది. నెల తిరగకుండా, కార్తీకంలో, మావయ్య పోయాడు. చెరకు బళ్ళు గోవాడ ఫ్యాక్టరీకి తోలే మనిషి. పదో రోజున గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు, పుస్తెలు తీశారు, మట్టెలు తీశారు. అరచేతుల్లో ఎరుపు అప్పటికే వెలిసింది. గోళ్ళ మీదది పోలేదు. గోరింటాకు గోటిలోకి ఇంకుతుంది. ఆకులోని రంగు పదార్థం గోటి కెరాటిన్‌తో కలిసిపోతుంది. గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ ఎరుపు గోటి మొదట్నుంచి జరిగి జరిగి చివరికి చేరి కత్తిరించబడే దాకా ఉంటుంది. వచ్చిన ముత్తయిదువలు ఆ గోళ్ళు చూశారు. ఒకరు నిమ్మకాయ రుద్దమన్నారు. ఒకరు బ్లేడుతో గీకమన్నారు. అత్త గీకింది. గోరు పలచబడి నొప్పి పుట్టిందే గానీ రంగు పోలేదు. “శివరాత్రి దాకా సేతులు కొంగులో ఎట్టుకునే ఉన్నాను” అంది. ఎరుపు కిందికి జరుగుతూ, చివరికి ఒక్కో గోటి కొసన నెలవంకలా మిగిలిందట. నెలవంక అన్న మాట ఆమెదే. ప్రబంధాలు ఆమె చదవలేదు.

నా బ్లేడు గుర్తొచ్చింది నాకు. రెండూ ఒకటి కావు, తెలుసు. సదస్సులో నాకు కలిగింది కాసేపటి సిగ్గు. అయినా స్త్రీ చేతి గోటి మీద ఏ రంగు ఉండాలో ఇంకెవరో తేల్చడం, తేల్చాక గీకేది మాత్రం ఆ స్త్రీ చేయే కావడం – ఇంతవరకు ఒకటే. ఇప్పుడు నా వయసు ముప్పై ఆరు. మావయ్య పోయేనాటికి అత్త వయసూ అంతే.

మన సంస్కరణ సాహిత్యం వితంతువుకు రెండు తలుపులు తెరిచింది. ఒకటి పునర్వివాహం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. రెండోది చదువు. ‘కన్యాశుల్కం’ చివర బుచ్చమ్మ వెళ్ళేది పుణేలోని వితంతు శరణాలయానికి. గురజాడ పుట్టింది మా పక్కనే ఎస్.రాయవరంలో, ఆ ఊరూ మా ఊరూ ఇప్పుడు అనకాపల్లి జిల్లాయే (2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా). ఆ రెండు తలుపులూ పెద్దవే, కాదనను. మొదటి తలుపులోంచి వెళితే బొట్టూ గాజులూ తిరిగొస్తాయి, కానీ మళ్ళీ ఒక భర్త ద్వారా. రెండో తలుపులోంచి వెళితే తెల్లచీరకు గౌరవం వస్తుంది. మళ్ళీ పెళ్ళీ అక్కర్లేదు, సేవా అక్కర్లేదు, ఊరికే చేతికి కాస్త రంగు కావాలి అనే స్త్రీకి ఆ సాహిత్యంలో చోటు లేదు. మీనాక్షికి కోరిక ఉంది, కానీ ఆ కోరిక నాటకంలో ఎప్పుడూ ఒక మగవాడివైపే ఉంటుంది.

2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హెర్వాడ్ అనే ఊరి పంచాయతీ, వితంతువుల గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం, మంగళసూత్రం, మట్టెలు తీసెయ్యడం మానాలని తీర్మానించింది. రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ ఆ దారిలో నడవమంది. గొప్ప తీర్మానం. దాన్ని చదువుతున్నప్పుడు నా దృష్టి జాబితా మీద నిలిచింది. తీసెయ్యకూడనివన్నీ పెళ్ళి ఇచ్చినవి. ఇచ్చిన చేయి పోయినా ఉంచుకోవచ్చని చెబుతున్నారు. గోళ్ళరంగు ఆ జాబితాలో లేదు, ఉండే అవకాశమే లేదు. దాన్ని ఏ పెళ్ళీ ఇవ్వలేదు. దానికి వ్రతం లేదు, తిథి లేదు, పేరంటం లేదు. కన్నెపిల్లకూ ముత్తయిదువకూ వితంతువుకూ అది వేరువేరు కాదు. శాస్త్రం రాసినవాళ్ళకు నైట్రోసెల్యులోజు తెలియదు. గోరింటాకు మీద ప్రేమతో మనం ‘మన సంస్కృతి’, ‘సహజం’, ‘పెరటి చెట్టు’ అంటూ రాస్తాం. ఎంత ఎర్రగా పండితే అంత మంచి మొగుడు అన్న మాటను కూడా ముద్దుగా గుర్తుచేసుకుంటాం. అత్తవైపు నుంచి చూస్తే ఆ సహజమైన రంగు లోపలికి ఇంకి, పట్టుకుని, వదలదు. ఈ కృత్రిమమైన రంగు పైనే ఉంటుంది. పొమ్మంటే పోతుంది. ‘పైపూత’ అని మనం తిట్టే గుణమే ఆమెకు పనికొచ్చే గుణం.

నా స్నేహితురాలు, అర్థశాస్త్రం చెబుతుంది, ఇంతవరకు చదివి, “అయితే మార్కెట్టే విముక్తి ఇచ్చిందంటావా?” అని అడిగింది. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు మన మహిళా సంఘాలు ఎందుకు రోడ్డెక్కాయో నాకు తెలుసు. 2025 మేలో అవే పోటీలు హైదరాబాదులో జరిగినప్పుడు నేనూ ఆ నిరసన పక్షమే. గోళ్ళరంగు పరిశ్రమ అమ్మాయిలకు లోటును అమ్ముతుంది, ఆ లోటు పూడ్చే సీసానూ అమ్ముతుంది. న్యూయార్క్ నెయిల్ సెలూన్లలో పనిచేసే కొరియన్ వలస స్త్రీల గురించి మిలియాన్ కాంగ్ రాసిన ‘ది మేనేజ్డ్ హాండ్’ (2010) చదివితే, ఒక స్త్రీ చేతిని అందంగా ఉంచడానికి ఇంకో స్త్రీ ఎంత ఒంగాలో తెలుస్తుంది. చేతిని శ్రమ నుంచి దాచగలిగినవాళ్ళకే రంగు నిలుస్తుందన్నదీ నిజం. నా పరీక్షే దానికి సాక్ష్యం, అమ్మ చేతికి ఒక్క పూట. బడిలో మధ్యాహ్న భోజనం వండే తల్లి ఉన్న నా విద్యార్థిని, ఆమె చేతులకు ఉల్లి, పసుపు తప్ప ఇంకో రంగు తను చూడలేదని క్లాసులో చెప్పింది. దళిత స్త్రీల చేతుల గురించి వాళ్ళే రాసుకున్న ‘నల్లపొద్దు’ పక్కన నా ఐదు సీసాల వ్యాసం ఎంత పలచనో కూడా తెలుసు.

ఇవన్నీ ఒప్పుకుని కూడా నేను అడిగేది ఒకటి. మన విమర్శ అలంకరణను చదివినప్పుడు చదివింది ఎవరి అలంకరణను? తప్పనిసరిగా అందంగా ఉండాల్సిన స్త్రీని చదివాం. అందంగా ఉండకూడని స్త్రీని చదవలేదు. మొదటి స్త్రీకి లిప్‌స్టిక్ చెరిపెయ్యడం ధిక్కారం. రెండో స్త్రీకి అదే ధిక్కారాన్ని బోధిస్తే, ఆమె చుట్టూ ఉన్న ముత్తయిదువలు ఎప్పుడో చెప్పిన మాటే మనమూ చెబుతున్నాం. ఇది నా సిద్ధాంత గ్రంథంలో లోపం. తిరిగి రాయగలిగితే అక్కడినుంచి మొదలుపెడతాను.

ఆ మధ్యాహ్నం అత్త చేతులకు వద్దంది. “సేతులకైతే సూసినోలు ఏటంటారు. కాళ్ళకెయ్యి. సీర కింద ఎవులు సూస్తారు” అంది. వంటింటి గడప మీద కూచుని కాళ్ళు చాపింది. నేను కింద కూచున్నాను. “పారాణి కాదు కదేటి?” అని ఒకసారి అడిగింది. కాదన్నాను. మట్టెలుండే వేలి మీద, మట్టె ఒత్తిన గీత పద్దెనిమిదేళ్ళయినా చర్మంలో కొంచెం కనిపిస్తోంది. గోళ్ళు మందంగా, గీతలు పడి, ఒకటి చీలి ఉన్నాయి. 47 వేశాను. చీలిన గోటికి మూడు పూతలు పట్టాయి. వేసినంతసేపూ అత్త తలుపువైపే చూసింది. ఆరాక కాళ్ళు వెనక్కి లాక్కుని చీర కుచ్చిళ్ళు సర్దుకుని, లేచి వెళ్ళి వీధిలో వాళ్ళకు గోరింటాకు ముద్దలు పంచింది.

కాలి గోళ్ళ మీద అది మూడు వారాలు ఉంది. అంట్ల నీళ్ళు తగలవు కదా. ఈ మధ్యలో ఒకరోజు బంధువులొస్తున్నారని తెలిసి తుడిచెయ్యమంది. దూది తెచ్చాక, “ఉండనీలే” అంది. వాళ్ళలో ఒకావిడ చూసింది కూడా. అత్త “గుంట ఏసింది” అని నామీద పెట్టేసింది. నేను పిహెచ్.డి. చేసినందుకు మా ఇంట్లో దొరికిన మొదటి ఉపయోగం అదే అనుకుంటాను.

చేతి గోటికి అత్త రంగు ఒప్పుకున్న సందర్భం నాకు తెలిసి ఒక్కటే ఉంది. 2024 మే 13న ఓటేసి వచ్చి ఎడమ చూపుడువేలు చూపించింది. మైసూరులో 1962 నుంచీ తయారయ్యే సిరా అది, సిల్వర్ నైట్రేటుతో చేస్తారు. గోటి మీద పడితే గోరు పెరిగి పోయేదాకా చెరగదు. ముత్తయిదువా కాదా అని పోలింగు బూతులో ఎవరూ అడగలేదు. ఆ నల్లటి గీతను ఆమె కొంగులో దాచుకోలేదు. గోరింటాకు పంచినట్టే వీధంతా తిప్పి చూపించింది.

సంక్రాంతి నాటికి 47 సీసాలో గట్టిపడిపోయింది. మూత తిరగలేదు. వేడినీళ్ళలో పెట్టి తీశాను గానీ లోపల రంగు తీగలు సాగింది. బస్టాండు దగ్గర షాపులో అడిగితే ఆ సరుకు రావడం లేదన్నారు. 51 ఇచ్చి అదే ఎరుపన్నారు. అత్త వెలుతురులో తిప్పి చూసింది. “ఇది కాదు” అంది. 51 ఇంకా సీలు విప్పకుండా పసుపు డబ్బా పక్కన ఉంది.